విశ్వాసం వల్లే నీతిమంతులైతే, క్రైస్తవుల చరిత్ర ఇలా ఎందుకుంది?

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. నీతిమంతుడు విశ్వాసం వల్ల బ్రతుకుతాడని బైబిల్ చెబుతుంటే, విశ్వాసులమని చెప్పుకున్నవాళ్ళ చరిత్రలో క్రూసేడులు (యెరూషలేము కోసం క్రైస్తవులు ముస్లింల మీద చేసిన యుద్ధాలు), బానిస వ్యాపారం, యూదుల మీద ద్వేషం ఎలా వచ్చాయన్నది మొదటిది. ఇవన్నీ తెలిశాక కూడా విశ్వాసం ఎలా నిలుస్తుంది, అడిగిన స్నేహితుడికి ఏం చెప్పాలి అన్నది రెండోది. నేను వేదాంతం చదువుకున్నవాణ్ణి కాదు, చరిత్రలో డిగ్రీ లేదు. చాలా ఏళ్ళుగా మా సంఘంలో సండే స్కూల్ పెద్ద పిల్లల క్లాసు చూసుకుంటున్నాను, అంతే. ఈ ప్రశ్న నాకు ఎదురైంది కూడా ఆ క్లాసులోనే.

ఆ ఆదివారం పాఠం జాన్ న్యూటన్. 1748 మార్చిలో అట్లాంటిక్ మీద తుఫాను, ఓడ మునిగిపోయేలా ఉంది, దైవదూషణకి పేరుపడ్డ ఆ నావికుడు దేవునికి మొరపెట్టాడు, మారాడు, బానిస వ్యాపారం వదిలేశాడు, పాస్టరయ్యాడు, కృప గురించి ఈనాటికీ లోకమంతా పాడుకునే కీర్తన రాశాడు. సాక్ష్యమంటే ఇలా ఉండాలి అన్నట్టు చెప్పుకుపోయాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి ఫోను చూస్తోంది. మందలిద్దామనుకునేలోపే చెయ్యెత్తింది. "అంకుల్, తుఫాను తర్వాతే కదా ఆయన బానిస ఓడకి కెప్టెన్ అయ్యింది?"

చూసి చెబుతానన్నాను. ఇంటికెళ్ళి చూస్తే ఆ అమ్మాయి మాటే నిజం. తుఫాను తర్వాత న్యూటన్ మళ్ళీ బానిస ఓడే ఎక్కాడు. 1750 నుంచి 1754 వరకు మూడు ప్రయాణాల్లో తనే కెప్టెన్. ఆగింది కూడా మనస్సాక్షి గుచ్చి కాదు. నాలుగో ప్రయాణానికి సిద్ధమవుతుండగా ఉన్నట్టుండి జబ్బు చేసి పడిపోయాడు, సముద్రం వదిలేయాల్సి వచ్చింది. 1764లో గురువుగా అభిషేకం పొందాడు. బానిస వ్యాపారం ఘోరమని అచ్చులో ఒప్పుకున్నది 1788లో. తుఫానుకీ ఆ ఒప్పుకోలుకీ మధ్య 40 ఏళ్ళు.

నా నిద్ర చెడగొట్టింది ఆ 40 కాదు. కెప్టెన్‌గా ఉన్నప్పుడు ఆయన ఆదివారాలు నావికుల్ని పోగుచేసి ఆరాధన జరిపేవాడు. భార్యకి ఎంతో ప్రేమగా ఉత్తరాలు రాసేవాడు. బానిసల కోసం ఆఫ్రికాలోని గినీ తీరానికి చేసిన చివరి రెండు ప్రయాణాల్లో దొరికినంత తీయని దేవుని సహవాసం తానెప్పుడూ ఎరగనన్నట్టు తర్వాత తనే రాసుకున్నాడు. పైన డెక్కు మీద ప్రార్థన. కింద, అదే చెక్కల అడుగున, సంకెళ్ళలో మనుషులు. అతను వేషధారి అయ్యుంటే నాకు సులువుగా ఉండేది, వేషధారుల గురించి చెప్పడానికి వాక్యాలు చాలా ఉన్నాయి. కానీ వేషం కాదు. ఆ ప్రార్థన నిజమైన ప్రార్థనే.

సరిగ్గా ఆ నెలలోనే ఆఫీసులో ఒకటి జరిగింది. మరిచిపోయాననలేను, పక్కన పెట్టాను. నేను చూసి ఓకే చేసిన రిపోర్టులో అంకెలు తప్పు వెళ్ళాయి. తయారు చేసింది ఆరు నెలల కింద చేరిన కుర్రాడు, చివరిగా సరిచూడాల్సింది నేను. మీటింగులో పైవాళ్ళు అతన్నే నిలదీశారు. అతను నా వైపు ఒకసారి చూశాడు. నేను లాప్‌టాప్ వైపు చూశాను. అతనికి వార్నింగ్ లెటర్ ఇచ్చారు. ఆ సాయంత్రం నేను ప్రార్థన కూడికకి వెళ్ళాను, మనస్ఫూర్తిగానే పాడాను. దేవుణ్ణి క్షమాపణ అడిగాను కూడా, "నాలోని లోపాలన్నీ" అని టోకున.

ఇక చరిత్ర విషయం. అంతకుముందు ఎవరైనా అడిగితే నా దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉండేవి. మీరూ వినే ఉంటారు.

ఒకటి, "వాళ్ళు నిజమైన క్రైస్తవులు కారు." ఇది చాలా సుఖమైన జవాబు, కుటుంబంలో పరువు తీసినవాణ్ణి ఫొటోలోంచి కత్తిరించడం లాంటిది. 1099 జూలైలో క్రూసేడర్లు యెరూషలేము పట్టుకుని ముస్లింలనీ యూదులనీ ఊచకోత కోశారు. ఆ తర్వాత సంతోషంతో ఏడుస్తూ క్రీస్తు సమాధి దగ్గరికి ఆరాధించడానికి వెళ్ళారని వాళ్ళ వైపు రాతలే చెబుతున్నాయి. ఆ కన్నీళ్ళు అబద్ధమని నేను ఏ ఆధారంతో చెప్పను? ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ సంగతి ఇంకా కష్టం. రోమా పత్రిక 1:17 ముందు కూర్చుని "దేవుని నీతి" అనే మాట అంటేనే తనకు కోపంగా ఉండేదనీ, అది శిక్షించే నీతి కాదు, దేవుడు ఉచితంగా ఇచ్చే నీతి అని అర్థమయ్యాక తలుపులు తెరుచుకుని పరదైసులోకి వెళ్ళినట్టయిందనీ ఆయన చెప్పుకున్నాడు. మనం ఈ రోజు "విశ్వాసం ద్వారా నీతి" అని ఇంత తేలిగ్గా అంటున్నామంటే చాలావరకు ఆయన చలవే. ఆయనే 1543లో యూదుల సమాజ మందిరాలు తగలబెట్టాలని రాశాడు. ఆయన్ని నిజమైన క్రైస్తవుడు కాదని పక్కన పెడితే, నా విశ్వాసంలో ఎంత భాగం ఆయనతోపాటు పోతుందో ఆలోచించండి.

రెండు, "ఆ కాలమే అలాంటిది." కాలానికి ఒకే గొంతు ఉండదు. నాలుగో శతాబ్దంలోనే నిస్సా గ్రెగొరీ అనే బిషప్, దేవుని పోలికలో ఉన్న మనిషికి వెల ఎవడు కడతాడని ప్రసంగంలో నిలదీశాడు. 1511 డిసెంబరులో, కరీబియన్‌లోని హిస్పానియోలా దీవిలో, ఆంటోనియో దె మాంటెసినోస్ అనే క్రైస్తవ సన్యాసి స్పానిష్ దొరల ఎదురుగా నిలబడి, ఈ ఇండియన్లు (అక్కడి మూలవాసుల్ని అలా పిలిచేవారు) మనుషులు కారా అని అడిగాడు. దొరలు మారుమనస్సు పొందారా? లేదు, ఫిర్యాదు చేశారు. పక్కనున్న క్యూబా దీవిలో పనివాళ్ళుగా ఇండియన్లని దక్కించుకుని ఉన్న బార్తొలోమె దె లాస్ కాసాస్ అనే గురువు 1514లో ఒక ప్రసంగం సిద్ధం చేసుకుంటూ, పేదలని దోచి తెచ్చిన అర్పణ దేవునికి అసహ్యమనే, కాథలిక్ బైబిల్లో ఉండే సిరాకు గ్రంథంలోని మాట దగ్గర ఆగిపోయి, తన కింద ఉన్నవాళ్ళందరినీ వదిలేశాడు. జీవితమంతా వాళ్ళ పక్షాన పోరాడాడు. అలాంటివాడే, ఇండియన్లకి బదులు ఆఫ్రికా నుంచి బానిసల్ని తేవచ్చని ఒక దశలో సలహా ఇచ్చాడు. అదెంత తప్పో తర్వాత తెలుసుకుని కుమిలిపోయాడు. ఒక కన్ను తెరిచినవాడికి రెండో కన్ను మూసుకునే ఉండొచ్చు. అన్నట్టు, "ఆ కాలం" అన్నప్పుడు మనం యజమానుల కాలం గురించే మాట్లాడుతున్నాం. ఓడ అడుగున ఉన్నవాళ్ళూ ఆ కాలం మనుషులే. ఇది తప్పని తెలియడానికి వాళ్ళకి 1788 దాకా ఆగాల్సిన అవసరం లేకపోయింది.

మూడు, "మంచి కూడా చేశాం కదా." చేశారు. బానిస వ్యాపారం మీద పార్లమెంటులో పోరాడిన విల్బర్‌ఫోర్స్ 1785లో రాజకీయాలు వదిలేద్దామా అన్న సందేహంతో న్యూటన్ దగ్గరికే వెళ్ళాడు. ఉండమని సలహా ఇచ్చింది న్యూటనే. 1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించింది, అదే ఏడాది డిసెంబరులో న్యూటన్ చనిపోయాడు. 1833లో బానిసత్వాన్నే రద్దు చేసే చట్టం వచ్చింది. ఇవి చెప్పుకుని గర్వపడొచ్చు. కానీ ఆ చట్టం కింద 2 కోట్ల పౌండ్ల పరిహారం వెళ్ళింది యజమానులకి, బానిసలకి కాదు. అందుకున్న యజమానుల్లో ఇంగ్లండ్ చర్చి మిషనరీ సంస్థ కూడా ఉంది. బార్బడోస్‌లో దానికి తోటలుండేవి, ఒకప్పుడు అక్కడి బానిసల ఛాతీ మీద "సొసైటీ" అని వాత పెట్టేవారు. ఇంగ్లండ్ చర్చి దీనికి క్షమాపణ చెప్పింది 2006లో. మంచినీ చెడునీ తక్కెడలో వేసి తూచితే ముల్లు ఎటు మొగ్గుతుందో నాకు తెలియదు. అసలు అది తక్కెడలో వేసే విషయమేనా అన్నది నా అనుమానం.

న్యూటన్ సంగతి చదివిన రాత్రి ఈ మూడు జవాబుల్నీ నేను ఇంకోచోట కూడా వాడుతున్నానని అర్థమైంది. "నేను అలాంటివాణ్ణి కాను, ఏదో ఆ రోజు అలా జరిగింది." "ఆఫీసుల్లో ఇది మామూలే." "ఆ కుర్రాడికి పని నేర్పింది నేనే కదా." పదం పదం అవే. 900 ఏళ్ళ కిందటి రక్తపాతానికి ఏ గొడుగు పడుతున్నానో, నా వార్నింగ్ లెటర్ వ్యవహారానికీ అదే గొడుగు.

అక్కణ్ణుంచి బైబిల్ మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. ముందు "నీతి" అనే మాట. మన చెవికి నీతి అంటే నీతి కథలు, నీతి శతకం, బుద్ధిగా ఉండడం. అబద్ధం ఆడకపోతే, తాగకపోతే నీతిమంతుడు. హెబ్రీలో ఆ మాట బరువు వేరు. ఒక బంధంలో ఎదుటివాడికి నేను చెల్లించాల్సినది చెల్లించడం, నిబంధనకి కట్టుబడి ఉండడం. అందుకే ప్రవక్తలు నీతినీ న్యాయాన్నీ జంటగా వాడతారు. ఆమోసు నీతిని ప్రవాహంలా పారనివ్వమన్నది సంతలో పేదవాడికి దొంగ తూకం వేసేవాళ్ళతో.

ఆదికాండము 38లో యూదా, తామారుల కథ సండే స్కూల్లో మేం ఎప్పుడూ దాటేస్తాం. పిల్లలకి చెప్పేలా ఉండదు మరి. విధవరాలైన కోడలికి తన చిన్న కొడుకుతో పెళ్ళి చేస్తానని మాటిచ్చి యూదా ఎగ్గొట్టాడు. ఆమె ముసుగేసుకుని మామ వల్లే గర్భవతి అయింది. విషయం తెలియక అతను ఆమెని బయటికి తెచ్చి కాల్చమన్నాడు. అప్పుడామె అతని ముద్ర, దారం, కర్ర పంపించింది, ఇవి ఎవరివో గుర్తుపట్టమంది. యూదా అన్న మాట: "ఆమె నాకంటె నీతిమంతురాలు." మన నీతి కథల లెక్కలో ఆ మాట అసలు కుదరదు. బాకీ లెక్కలో కుదురుతుంది, ఎగ్గొట్టింది అతను. మత్తయి సువార్త మొదటి పేజీలో, యేసు వంశావళిలో, తామారు పేరు ఉంది.

ఇక మీరు రాసిన వాక్యం. "నీతిమంతుడు విశ్వాసమూలముగా" అన్నది పౌలు రోమా పత్రికలో సొంతంగా రాసింది కాదు, పాత నిబంధనలోని ప్రవక్త హబక్కూకు 2:4 నుంచి తీసుకున్నాడు. హబక్కూకు అడుగుతున్నది చరిత్ర గురించే, అచ్చం మీలాగే. దేశంలో బలాత్కారం, ధర్మశాస్త్రం నిరర్థకమైంది, ఎన్నాళ్ళు ఊరుకుంటావని దేవుణ్ణి అడిగాడు. కల్దీయుల్ని, అంటే బబులోనువాళ్ళని, రప్పిస్తున్నానని జవాబొచ్చింది. ఆ జవాబు ప్రశ్న కన్నా ఘోరంగా ఉంది, దుర్మార్గుణ్ణి ఇంకా పెద్ద దుర్మార్గుడితో కొట్టిస్తావా అని మళ్ళీ అడిగాడు. దానికొచ్చిన జవాబులో ఉంది ఈ వాక్యం. తర్వాత కొంతకాలానికి, క్రీ.పూ. 586లో, బబులోను సైన్యం యెరూషలేమునీ దేవాలయాన్నీ నిజంగానే నేలమట్టం చేసింది. అంటే విశ్వాసం, నీతి, చరిత్ర అనే మూడూ ముడిపడి పుట్టిన మాట అది. నేనేమో దాన్ని ఫ్రేము కట్టి గోడకి తగిలించుకున్నాను.

అక్కడ "విశ్వాసం" అని మనం చదివే హెబ్రీ మాటకి నమ్మకంగా నిలిచి ఉండడం అనే అర్థం కూడా ఉంది. దేవుడున్నాడని ఒప్పుకోవడం దయ్యాలు కూడా చేస్తాయని యాకోబు వెటకారంగా అననే అన్నాడు.

నాకు అసలు మలుపు అనిపించింది "నీతిమంతులుగా తీర్చబడుట" అనే మన పాత బైబిల్ మాట. తీర్చడమంటే తీర్పు తీర్చడం. అది కోర్టు మాట. తీర్పు దేవుడు ఇచ్చేశాడని నమ్మేవాడు ఇక తన కేసు తాను వాదించుకోనక్కర్లేదు. నేనేం చేస్తున్నాను? ఆదివారం ఆ తీర్పు గురించి పాడుతూ, సోమవారం నుంచి శనివారం దాకా నా వకాల్తా నేనే పుచ్చుకుంటున్నాను. నా తాతల తరఫున కూడా వాదిస్తున్నాను. తీర్పు నమ్మినవాడు చేసే పని కాదది.

ఇందులో ఒక గోతి ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. "దేవుడు క్షమించేశాడు, ఇక ఆ విషయం ఎందుకు" అని ఇదే బోధని దిండులా వాడుకుని నిద్రపోవచ్చు. న్యూటన్ డెక్కు మీది తీయని ప్రార్థన అలాంటిదే అనుకుంటాను, నా కూడిక కూడా. దేవుని దగ్గర పని ముగించుకుని మనిషి దగ్గరికి వెళ్ళకపోవడం. సువార్తలోని పన్నుల అధికారి జక్కయ్య అలా చేయలేదు. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఆ తర్వాతే యేసు, ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు.

మత్తయి 23లో ఇంకో చోటు ఉంది, చరిత్ర చదివే ప్రతివాడికీ తగిలేది. ప్రవక్తల సమాధులు కట్టించి, నీతిమంతుల గోరీలు అలంకరించి, మా తండ్రుల కాలంలో మేముంటే ఆ హత్యల్లో పాలు పంచుకునేవాళ్ళం కాదని శాస్త్రులు, పరిసయ్యులు అంటారు. ఆ మాటతోనే వాళ్ళ కొడుకులమని మీరే సాక్ష్యం చెప్పుకుంటున్నారని యేసు అన్నాడు. నేను ఆ ఓడలో ఉంటే అడుగున ఉన్నవాళ్ళని విడిపించేవాణ్ణని కదా నేను అనుకునేది? లాప్‌టాప్ వైపు చూసే మనిషిని.

దానియేలు దీనికి పూర్తిగా తలకిందులు. ఆ పుస్తకంలో అతని మీద ఒక్క మచ్చ కనబడదు. అయినా తొమ్మిదో అధ్యాయంలో పితరుల తిరుగుబాటు గురించి ప్రార్థిస్తూ "వాళ్ళు" అనడు, "మేము పాపము చేసితిమి" అంటాడు. చరిత్ర చదవడానికి ఇంతకన్నా మంచి వ్యాకరణం నాకు దొరకలేదు.

అలాగని ఒప్పుకోలు అన్నంత మాత్రాన అంతా అయిపోదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1945 అక్టోబరులో జర్మనీ ప్రొటెస్టెంట్ నాయకులు స్టుట్‌గార్ట్‌లో ఒక ప్రకటన ఇచ్చారు. మరింత ధైర్యంగా సాక్ష్యమివ్వలేదనీ, మరింత గాఢంగా ప్రేమించలేదనీ తమని తామే నిందించుకున్నారు. చదివితే కదిలిస్తుంది. కానీ అందులో యూదులు అన్న మాట లేదు. నా "లోపాలన్నీ" ప్రార్థన గుర్తొచ్చింది. అందులో ఆ కుర్రాడి పేరు లేదు.

తర్వాతి వారం మా పై అధికారి దగ్గరికెళ్ళి ఆ తప్పు నాదని చెప్పాను. మెయిల్లో కూడా పెట్టాను, లేకపోతే మళ్ళీ జారిపోతానని భయం. లెటర్ వెనక్కి తీసుకోవడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. కుర్రాడికి క్షమాపణ చెప్పినప్పుడు అతను "పర్లేదు సార్" అన్నాడు, నా మొహం చూడకుండా. మూడు నెలల్లో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. అంతా సర్దుకుందని చెప్పుకునే సాక్ష్యం కాదిది.

సండే స్కూల్లో న్యూటన్ పాఠం మళ్ళీ చెప్పాను, ఈసారి బోర్డు మీద 1748, 1788 రెండూ రాసి. ఆ అమ్మాయి అడిగింది, మధ్యలో ఉన్న ప్రార్థనలు దేవుడు విన్నాడా అని. నా దగ్గర జవాబు లేదు. ఓడ అడుగున ఉన్నవాళ్ళ మొర కూడా ఆయన వింటూనే ఉండి ఉంటాడని మాత్రం అన్నాను. ఐగుప్తులో బానిసల మూలుగు విన్నవాడు కదా. అలా అంటుంటే నా గొంతు అంత గట్టిగా లేదు.

విశ్వాసం ఎలా నిలిచిందని అడిగారు. సంఘ చరిత్ర బాగుందని కాదు. తన పూర్వీకుల మురికి బట్టలు ఇలా బయట ఆరేసే గ్రంథం బైబిల్ అన్న సంగతి నన్ను పట్టి ఉంచింది. దావీదు చేసిన హత్య అందులోనే ఉంది, పేతురు మూడుసార్లు ఎరగనన్నది నాలుగు సువార్తల్లోనూ ఉంది. దాచలేదు. దాచేది మనమే. పైగా ఆ కథ మధ్యలో సిలువ మీద ఉన్నవాడు అన్యాయపు తీర్పు పొందినవాడు, అంటే ఓడ పైన కాక అడుగున ఉన్నవాడు. చరిత్రలో క్రైస్తవుల మీద వచ్చే ఆరోపణల్లో చాలావాటికి కొలబద్ద ఆయన బోధ నుంచే వచ్చింది. అందుకని ఆ ఆరోపణలు విని ఆయన్ని వదలాలని నాకు అనిపించలేదు.

మీ స్నేహితుడి విషయానికొస్తే, ఇవన్నీ అప్పజెప్పకండి. క్రూసేడుల గురించి అడిగితే "అవును, జరిగింది, మావాళ్ళే చేశారు" అనండి. ఆ తర్వాత కాసేపు ఆగండి. నాకూ అలాంటి స్నేహితుడొకడున్నాడు, కాలేజీ రోజుల నుంచి ఇదే గొడవ. వాడు ఒక తేదీ చెప్తే నేను ఒక ఆసుపత్రి పేరు చెప్పేవాణ్ణి, అలా ఏళ్ళు గడిచాయి. మొదటిసారి నేను ఒప్పుకున్న రోజు వాడికి తర్వాత ఏమనాలో తోచలేదు. ఫోనులో కాసేపు నిశ్శబ్దం. "మరి నువ్వింకా ఎందుకు వెళ్తున్నావ్ రా?" అన్నాడు. ఇరవై ఏళ్ళలో మేమిద్దరం యేసు గురించి మాట్లాడుకున్నది ఆ రోజే.